తాడు కట్టిన సందుగ

ఇల్లు ఖాళీ చేయమని యజమాని చెప్పాక గానీ మా మాళియాలో ఏమేం ఉన్నాయో నేను పూర్తిగా చూడలేదు. మాళియా అంటే ఇక్కడివాళ్ళ మాటలో అటక. డిండోలిలో మేమున్న రెండు గదుల ఇంట్లో, వంటగది తలుపు పైన, గోడ నుంచి గోడ దాకా వేసిన సిమెంటు పలక అది. మా అత్తమ్మ వెంకటవ్వ సూరత్ వచ్చిన నాటి నుంచి పారేయడానికి మనసొప్పని ప్రతిదీ దాని మీదికే ఎక్కింది. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి గుండిగలు, పిడి ఊడిన ఇసుర్రాయి, మూతలు ఎటు పోయాయో తెలియని పచ్చడి జాడీలు, మగ్గాల ఖాతాలో, అంటే నేత కార్ఖానాలో, మిగిలిన గుడ్డ పీలికలతో ఆమె కుట్టిన బొంతలు.

"పెద్దమ్మా, సూరత్ల గిన్ని బొంతలు గప్పుకునే చలి ఎన్నడన్న వచ్చిందా?" అని నిచ్చెన మీద నుంచి గణపతి అడిగాడు. గణపతి మా ఊరివాడే. కిందటేడు వచ్చాడు. మా ఆయన సోమలింగం పనిచేసే ఖాతాలోనే మగ్గాలు నడుపుతాడు. సెలవు రోజు కాబట్టి సామాను దించడానికి వచ్చాడు.

"నువ్వు పెండ్లి చేసుకోరా, అన్నీ నీకే ఇస్త" అంది అత్తమ్మ.

"నా పెండ్లిదాంక ఎలుకలు ఆగుతయా పెద్దమ్మా?"

బొంతలు కిందికి వచ్చాక, వాటి వెనక గోడకు ఆనించిన రేకు పెట్టెలు, మా మాటలో సందుగలు, కనిపించాయి. అవి మావి కావు.

ఊరి నుంచి మగ్గాల పనికి వచ్చే మగవాళ్ళు పది పన్నెండు మంది కలిసి ఒక గదిలో ఉంటారు. పగటి పాళీ వాళ్ళు లేచిన చాప మీదే రాత్రి పాళీ వాళ్ళు పడుకుంటారు. అలాంటి చోట పెట్టె వదిలి ఊరికి పోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అందుకని నాట్లకో, చెల్లెలి పెళ్ళికో పోయేటప్పుడు తమ సందుగను తెచ్చి మా అత్తమ్మ ముందు పెట్టేవాళ్ళు. తాడు కట్టి ఇవ్వడం వాళ్ళ వంతు, ఆ తాడు ఎవరూ విప్పకుండా చూడడం ఆమె వంతు. కొందరు వచ్చి తీసుకునేవాళ్ళు. కరోనా అప్పుడు దొరికిన బండి ఎక్కి పోయినవాళ్ళలో చాలామంది మళ్ళీ రాలేదు.

ఇల్లు మారే పని మొదలయ్యాక వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. "అండ్ల ఏమున్నది వదినా, రెండు ప్యాంట్లు. భంగార్‌ల ఏసెయ్యి" అన్నారు కొందరు; అవి పాత సామాన్ల వాడికి వేశాం. కావాలన్నవాళ్ళ సందుగలకు కొత్త తాళ్ళు కట్టి, ఆదివారం పూట మా వైపు పోయే బస్సులో వేశాం. ఊరి స్టేజీ దగ్గర వాళ్ళే నిలబడి దించుకున్నారు.

చివరికి ఒక్కటి మిగిలింది. నీలం రంగుది. రాజమౌళిది.

రాజమౌళి ఊరికి పోలేదు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళ కిందట, గది మారుతున్నానని చెప్పి సందుగను అత్తమ్మకు అప్పగించాడు. ఆ తర్వాత వారం తిరగకుండానే ఒకనాడు పాండేసరలో పాళీ దిగి, చాయ్ తాగి, గదికి చేరలేదు. ఖాతాల్లో అడిగాం, ఆసుపత్రుల్లో చూశాం, ఠాణాలో ఫొటో ఇచ్చాం. భివండిలో చూశామని ఒకరన్నారు, ఇచల్‌కరంజిలో చూశామని ఇంకొకరన్నారు. చూశామన్నవాళ్ళు ఎవరూ మాట్లాడామని మాత్రం అనలేదు.

అతని భార్య ముత్యం ఊళ్ళో బీడీలు చుడుతుంది. పండగ వచ్చిందంటే నాకు ఫోన్ చేస్తుంది. అత్తమ్మ మోకాళ్ళ సంగతి, మా అమ్మాయి రుచిత చదువు సంగతి అన్నీ అడుగుతుంది. పెట్టేసే ముందు అసలుది అడుగుతుంది.

"వదినా, సందుగ ఉన్నదా?"

"ఉన్నది ముత్యం."

"మంచిది."

మావాళ్ళలో ఎవరైనా ఇక్కడ చనిపోతే, తోటివాళ్ళు అతని బట్టలు సందుగలో సర్ది, తాడు కట్టి ఊరి బస్సులో వేస్తారు. మనిషి నిలబడి దించుకుంటే అది సామాను. దించుకునే మనిషి లేకుండా సందుగ ఒక్కటే దిగితే, ఆడవాళ్ళు స్టేజీ దగ్గరే ఏడుపు అందుకుంటారు. రాజమౌళి అన్న మార్కండేయ రెండేళ్ళ నుంచి పట్టుబడుతున్నాడు, దర్భలతో బొమ్మ చేసి కాల్చి దినాలు చేసేద్దామని, ఇంట్లో శుభకార్యాలు ఆగిపోతున్నాయని. అది జరిగితే ముత్యం మెడలో పుస్తె ఉండదు, చేతులకు గాజులుండవు. పెద్దమనుషుల ముందు ఆమె ఒక్కటే మాట అన్నదట: "ఆయిన సందుగ సూరత్ల ఉన్నది. మనిషి పోతే సందుగ రాకపోవునా?" ఆ మాట మీదే దినాలు ఇప్పటిదాకా ఆగాయి.

మేము పోతున్నది వడోద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటుకు. గోడలు కొత్తవి, కిటికీలు పెద్దవి, మాళియా లేదు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటే ఆగాలి.

"గీ నీలంది గూడ పంపియ్యరాదు" అన్నాడు మా ఆయన, సందుగను కాలితో కాస్త జరిపి.

"పంపితే ఏమైతదో మీకు తెల్వదా?"

"తెలుసు. నాలుగేండ్లయింది సంధ్యా. రావాల్సినోడైతే రాకపోవునా? మనం దాన్ని పెట్టుకున్నందుకే ఆమె గట్ల కూసున్నది. మంచి చేస్తున్ననుకుంటున్నవు నువ్వు."

ఆ మాట నేను అంతకు ముందే ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నదే. ఇంకొకరి నోట వినేసరికి ఎక్కువ నిజంగా అనిపించింది. అయినా అన్నాను: "ఆశ తెంపుకునేది ఉంటే ఆమె తెంపుకోవాలె. మన కొత్తింట్ల మాళియా లేదని కాదు."

"అయితే నెత్తి మీద పెట్టుకో."

"ఇన్నొద్దులు నేను నెత్తి మీదనే పెట్టుకున్నరా" అంది వంటింట్లోంచి అత్తమ్మ.

నేను సందుగను ఒక పక్కకు లాగి తడిగుడ్డతో తుడిచాను. మూత మీద తెల్లరంగుతో రాసిన రాజమౌళి పేరు చెరిగిపోయింది, కింద ఊరి పేరు మాత్రం చదవొచ్చు. దానికి తాళం లేదు, తాడే తాళం. తుడుస్తుంటే ఆ పాత నార తాడు నా చేతిలోనే తెగింది. మూత కొద్దిగా లేచింది. లోపల్నుంచి నాఫ్తలీను ఉండల వాసన వచ్చింది. చూడకుండా చేత్తో అదిమిపెట్టి, మిగతా సందుగలకు కట్టిన చుట్టలోంచే తాడు కోసి, అడ్డంగా నిలువుగా బిగించి కట్టాను. మెట్లెక్కించేటప్పుడు తెరుచుకోకూడదని ముడి మీద ముడి వేశాను.

మారే రోజు ఆదివారం. పొద్దున్నే అత్తమ్మా నేనూ వడోద్ వెళ్ళి, దేవుడి పటం పెట్టి పాలు పొంగించాం. అత్తమ్మ ఇత్తడి గుండిగలకు ఫ్లాటులో చోటు లేదని, వాటిని ఊళ్ళో ఆమె తమ్ముడి కొడుక్కి పంపాలని ముందే అనుకున్నాం. డిండోలిలో మా ఆయన టెంపో దగ్గర నిలబడ్డాడు. గుండిగలను ఆటోలో వేసుకుని బస్సు దగ్గరికి తీసుకుపోయే పని గణపతిది. మధ్యాహ్నానికి టెంపో వడోద్ చేరింది. సొసైటీ వాచ్‌మన్ సామాను లిఫ్టులో ఎక్కించొద్దన్నాడు. మంచం కాళ్ళు మెట్ల మలుపుల్లో గోడకు గీరుకుపోతే రెండో అంతస్తు ఆవిడ బయటికొచ్చి గుజరాతీలో ఏదో అంది. రుచిత ఆమెకు గుజరాతీలోనే తిరిగి చెప్పింది. ఏం చెప్పావని అడిగితే, "కుఛ్ నహీ మమ్మీ, సారీ అన్న" అంది. సారీ అంత పొడుగ్గా ఉండదు.

సాయంత్రం దీపం పెట్టే వేళకు నేను గది గదీ తిరిగి చూశాను. నీలం సందుగ లేదు.

గణపతి గడప దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"గణపతీ, నీలం సందుగ ఏ గదిల పెట్టినవ్?"

"అది బస్సుకేసిన గద వదినా, గుండిగలతోని."

నేను అతని వైపు తిరిగేసరికి అతనే చెప్పాడు. "కొత్త తాడు గట్టి ఉన్నది. గన్ని సందుగలు గట్లనే గట్టి పంపితిమి గద. మీద ఊరి పేరు గూడ ఉన్నది. నేనే యాది చేసుకొని ఏసిన."

అతన్ని ఏమనడానికీ లేదు. ఆ తాడు చూస్తే మావాళ్ళలో ఎవరైనా ఆ సందుగను బస్సుకే వేస్తారు. గుడ్డతో చుట్టి పెట్టినా, తాడు లేకుండా పెట్టినా టెంపోలోకి పోయేది.

"ఎవలది వదినా అది?"

చెప్పాను. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. మా ఆయన గోడకు మేకు కొడుతున్నవాడు సుత్తి ఆపాడు. పంపేద్దామన్న మనిషే, ఇప్పుడు ముందుగా ఫోన్ తీసి డ్రైవర్‌కు కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. గణపతి దగ్గర క్లీనర్ నంబర్ ఉంది. చాలాసేపటికి కలిసింది. వెనక పాటలు, గాలి చప్పుడు.

"నీలం సందుగ దించకు తమ్మీ. మల్ల వాపస్ సూరత్‌కే తేవాలె. కిరాయి ఇస్తం" అన్నాను.

"ఎవలిదక్కా? సందుగలు ఎన్నో ఉన్నయి. ధూలియాల డ్రైవర్ మారుతడు, నేను గూడ మారుత. అవతలోనికి చెప్త."

"మర్చిపోకు."

"చెప్త అంటున్న గద అక్కా."

అవతలివాడికి చెప్పే మనిషి గొంతు కాదది.

బస్సు మర్నాడు పొద్దెక్కేసరికి ఊరు చేరుతుంది. స్టేజీ పక్కనే చాయ్ హోటలు, దాని పక్కన బీడీల కంపెనీ వాళ్ళు ఆకు తూచి ఇచ్చే చోటు. ఆ వేళకు ఊళ్ళోని ఆడవాళ్ళందరూ అక్కడే ఉంటారు. మార్కండేయ పొద్దున చాయ్ ఆ హోటల్లోనే తాగుతాడని ముత్యమే ఒకసారి చెప్పింది.

"ఆమెకు చెప్పాలె" అన్నాను.

"ఏమని చెప్తవు?" అన్నాడు ఆయన.

కట్టిన మూటల మధ్య, ఇంకా విప్పని బొంత మీద కూర్చుని ఫోన్ చేశాను.

"ముత్యం, ఏం కాలే. ముందే చెప్తున్న, ఏం కాలే."

అవతల ఆకు కత్తిరిస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఏం కాలేదని రెండుసార్లు చెప్పి ఉండకూడదు.

"ఏంది వదినా?"

"మేం ఇల్లు మారినం. సామాన్లల్ల పొరపాటున సందుగ బస్సెక్కింది. పొద్దుగాల ఊరికొస్తది."

బీడీల చాట పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది.

"ఎవలు పంపుమన్నరు?"

"ఎవలు అనలే. గుండిగలతోని కలిసిపోయింది. గంతే."

"ఆయిన సంగతి ఏమన్న తెలిసిందా? నాకు చెప్తలేరా మీరు?"

"ఏం తెల్వలె ముత్యం. ఒట్టు."

"ఎవల మీద ఒట్టు?"

నేను ఒట్లు పెట్టే మనిషిని కాను. చిన్నప్పుడు రుచిత ఎవరి మీదైనా ఒట్టు పెడితే కోప్పడేదాన్ని. అది అప్పుడు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"మా రుచిత మీద" అన్నాను.

ముత్యం ఊపిరి వదలడం వినిపించింది. "బస్సు మీ దిక్కునుంచి ఎన్నిటికి బయలెల్లింది?" అని అడిగింది. చెప్పాను. వెంటనే పెట్టేసింది.

"గుండిగలు పోతే పోయినయి, దాన్ని ఆపకపోతిమి" అని అత్తమ్మ పడుకునేదాకా అదే మాట అంటూ ఉంది.

సోమవారం నేను డబ్బాలు సర్దుతూ కూర్చున్నాను. కంది పప్పు డబ్బాలో శనగపప్పు పోశాను. మళ్ళీ తీశాను. క్లీనర్ నంబర్ కలవలేదు. కొత్తతనిది ఎవరి దగ్గరా లేదు. ఇలాంటప్పుడు ఇల్లు సర్దడం మంచిదంటారు. ఏ వస్తువు తీసినా దీన్ని ఎందుకు మోసుకొచ్చాం అనే అనిపించింది.

మధ్యాహ్నం దాటాక ముత్యం ఫోన్ వచ్చింది.

"నేల తాకలే వదినా" అంది.

ఆమె గొంతు ఆయాసంగా ఉంది. పరుగెత్తి వచ్చిన ఆయాసం కాదు, చాలాసేపు అణుచుకున్నది.

"కొత్త చీర గట్టుకొని పోయిన. తలల పూలు పెట్టుకున్న. చూసెటోళ్ళకు సమజ్ కావాలె గదా. సోమారం పూట గీ పూలేందే అని ఆకు కాడ ఆడోళ్ళు నవ్విండ్రు. నవ్వనీ అనుకున్న. బస్సొచ్చింది. ఆ పిలగానికి ఎవలు ఏం చెప్పలేదట. గుండిగలు దించిండు, ఎనుకనే దీన్ని గుంజిండు. సగం బయటికొచ్చింది. నేను భుజం ఆనిచ్చిన. ఇది ఈడ దిగేది కాదు, మల్ల సూరత్ పోవాలె అన్న. ఆడు నా మొఖం చూసిండు. హోటలాయన సాయానికొచ్చిండు. ముట్టకు అన్న. నూకిన వదినా, లోపలికే నూకిన."

"ఎవరన్న ఏడ్చిండ్రా?"

"ఆకు కాడి సత్తెవ్వ ఏడ్వబోయి నోరు తెరిచింది. నన్ను చూసి మూసుకుంది." మళ్ళీ అంది: "మా బావ చాయ్ తాగుకుంట చూసిండు. లేచి రాలే. చూసుకుంటనే ఉన్నడు."

ఆ సాయంత్రమే మార్కండేయ మా ఆయనకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ చెవికి ఆనించుకున్నా అతని మాట బయటికి వినబడుతోంది.

"ఏం బావా, మా తమ్ముని సందుగ పంపినవట. ఏమన్న తెలిసిందా? తెలిస్తే దాచుడెందుకు? ఆడిదానికి దాస్తరు గని నాకేంది?"

మా ఆయన నా వైపు చూశాడు. ఇది ఆయన కోరుకున్న సమయమే. పంపినమంటే చాలు, ఒక్క మాటతో ఆ పెట్టె మా ఇంటి నుంచి పోతుంది. ముత్యం పుస్తె కూడా పోతుంది.

"పంపుడేంది? సందుగ మా ఇంట్లనే ఉన్నది" అన్నాడు.

"నేను నా కండ్లతోని చూసిన."

"నీలం సందుగలు ఊర్ల ఒక్కటే ఉన్నదా? మాది మా ఇంట్లున్నది. కొత్తిల్లు చూసినట్టుంటది, వచ్చి చూసిపో."

ఆ సమయానికి సందుగ ఎక్కడుందో మాకెవరికీ తెలియదు. ఫోన్ పెట్టేశాక ఆయన చేతులు కడుక్కుని అన్నం తినడానికి కూర్చున్నాడు. నేను కంచం పెట్టాను.

బుధవారం బస్సు తిరిగొచ్చింది. పాళీకి పోకుండా ఆయనే వెళ్ళి, సందుగను స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాడు. నాలుగు అంతస్తులూ తనే మోశాడు. గణపతి కింద నుంచి "అన్నా, నేను పడుత" అంటూనే ఉన్నాడు. ఒక మూల సొట్ట పడింది. నా తాడు మాత్రం కట్టినట్టే ఉంది.

పెట్టడానికి చోటు వెతికాం. బాల్కనీలో వాన పడుతుంది. మంచం కింద అత్తమ్మ జాడీలున్నాయి. చివరికి రుచిత చదువుకునే బల్ల కింద పెట్టాం.

"మమ్మీ, నా కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి ఇంక?" అంది రుచిత. తర్వాత మెల్లగా, "వో అంకుల్ ఆయేగా భీ క్యా?" అంది, ఆయన అసలు వస్తాడా అని.

"దాని మీద మాత్రం కాళ్ళు పెట్టకు" అన్నాను.

పండగేమీ లేకుండానే శుక్రవారం ముత్యం ఫోన్ చేసింది. అత్తమ్మ మోకాళ్ళ గురించి అడగలేదు.

"వదినా, సందుగ ఉన్నదా?"

"ఉన్నది. మొన్ననే చేరింది."

"మా బావ మొన్నటి సంది నాతోని మాట్లాడుతలేడు. అమాస దాటినంక పెద్దమనుషులను పిలుస్తడట. సోమలింగమన్నను గూడ ఫోన్ల అడుగుతరట, అందరి ముంగట." తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "ఏడ పెట్టిండ్రు వదినా?"

ఇన్నేళ్ళలో ఈ మాట ఆమె ఎప్పుడూ అడగలేదు. మా పిల్ల బల్ల కింద అని చెప్పాను.

"జర పైన పెట్టరాదా? కింద పెడితే బస్సుకు దించినట్టుంటది."

ఇక్కడ మాళియా లేదని చెప్పబోయి, సరే అన్నాను.

ఆ మాట మా ఆయనకు చెప్పాను. మర్నాడు ఖాతా నుంచి వస్తూ రెండు ఇనుప బద్దీలు, ఒక చెక్క పలక తెచ్చాడు. అమాస దాటాక అందరి ముందు తనను అడిగితే ఏం చెప్పాలో మాత్రం మా మధ్య మాట రాలేదు. ఆయన కుర్చీ ఎక్కి, పై కప్పుకు కాస్త కిందగా, గోడ ఎక్కడ గట్టిగా ఉందో వేళ్ళతో కొట్టి చూడసాగాడు. అత్తమ్మ కింద నిలబడి చెవి ఒగ్గి వింటోంది. ఒక్కోచోట కొట్టడం, చెవి ఆనించడం, జరగడం.

"గీడ?" అన్నాడు.

"బోలుగ మోగుతున్నదిరా" అంది అత్తమ్మ. "ఇంకొంచెం అటు జరుగు."